రెండో గేరు

మూడు నెలలకొక సూది, బొడ్డు పక్కన.
మందు పేరు నాకు నోరు తిరగదు.
గడ్డకు కూడు ఆపేసే సూది, అన్నాడు డాక్టరు.
ఒకే కుండలో తింటా ఉన్నాయి గదా రెండూ,
గడ్డతో పాటు కండ కూడా పస్తు.

ఇరవైతొమ్మిదేండ్లు కొండ బస్సు నడిపినోడిని.
పవర్ స్టీరింగ్ లేని కాలంలో
మలుపు మలుపుకూ భుజం మొత్తం ఇచ్చినోడిని.
ఈ ముంజేతుల్ని నమ్మి నిద్రపోతా దిగినారు
గుండు మీద చందనం ఆరని పిల్లోళ్లు,
లడ్డు సంచి ఒళ్లో పెట్టుకున్న ముసిలోళ్లు.
వాళ్లకు నా పేరు తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.

ఇప్పుడు వాచీ మోచేతి దాకా జారుతుంది.
బనీను కింద ఎద మెత్తబడింది.
కొర్లగుంట ఎండకు కూడా చొక్కా విప్పను.
రాత్రి రెండింటికి ఒళ్లంతా రేడియేటరు మరిగినట్టు,
ఎవురన్నా మూత తీస్తే ఆవిరి కొడతాదేమో అన్నట్టు.
లేచి కూచుంటే కుప్పమ్మ
దిండు తిప్పి చల్లటి పక్క పైకి పెడుతుంది.
"యాభైలో నేను పడినాను ఇది. నువ్వు గురక పెడతా ఉండినావు."
నవ్విందో ఏమో, చీకట్లో కనపళ్లేదు.

డిపో కాడ టీ తాగతా చెంగల్రాయుడు అడిగినాడు,
ఏందిరా ఇట్ట చిక్కిపోతివి, షుగరా అని.
షుగరే అన్నాను.
షుగరు పదిమందిలో చెప్పుకోదగ్గ జబ్బు.

కసరత్తు నేర్పే పిల్ల పేరు నగీనా.
నా లైసెన్సుకున్నంత వయసు లేదు.
"చేతులు కట్టుకోని కుర్చీలోంచి లేయి తాతా,
అర నిమిషం. నేను లెక్కబెడతా."
ఏడు.
ఎనిమిదోదానికి తొడలు వణికి కూలబడినాను.
రాసుకునింది. ఏమీ అన్లేదు.
అన్లేదనే కోపమొచ్చింది నాకు.

"నడక మంచిదే తాతా, నడక ఒకటే చాలదు. బరువు లాగాల.
పని చెప్తేనే కండ ఇంట్లో ఉంటాది."
పచ్చటి రబ్బరు పట్టీ ఒకటి ఇచ్చింది,
కిటికీ చువ్వకు కట్టి లాగమని.
ఫ్యాను బెల్టుకు కూడా ఇంత పొగరు చూళ్లేదు.
రెండు నూనె క్యాన్లలో ఇసక పోసి
పొద్దున పది, మాపున పది.

పొడి డబ్బా కథ వేరే.
కిడ్నీ పరీక్ష చూసినాకనే సరేనన్నాడు డాక్టరు.
"ఇది తాగి మంచమెక్కినావంటే
ఉచ్చ ఖరీదవుతాది, అంతే" అన్నాడు.
డబ్బా ధరకు మా ఇంట్లో నెల బియ్యం వస్తాయి.
మొదటి రోజు మూత రాలేదు నాకు.
రెండు చేతులా తిప్పినా, గుడ్డ వేసి తిప్పినా.
కుప్పమ్మ కొంగుతో పట్టి తీసేసి
నా మొగం చూడకుండా పొయ్యి కాడికి పోయింది.

రాగి జావలో కలిపితే సున్నం నీళ్ల వాసన.
రెండు గుడ్లు, గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు,
ఆదివారం డి విటమిన్ మాత్ర.

ట్రైనింగులో మా ఇన్‌స్ట్రక్టరు జెప్పేవోడు:
ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజనుది,
దిగేటప్పుడు కష్టమంతా నీది.
డీజిలు మిగుల్తాదని న్యూట్రల్‌లో వదిలితివా,
బ్రేకు కాలిన వాసన నీ ముక్కుకు తగిలేలోగా
లోయ వచ్చేస్తాది.
రెండో గేరులో పట్టుకోని దించు.
బండి మూలగతాది. మూలగనీ.

పోయిన శనివారం చెంగల్రాయుడికి నిజం చెప్పేసినా.
టీ చల్లారిపోయేదాకా గ్లాసు తిప్పతానే ఉండినాడు.
తర్వాత, "ఆ పట్టీ యాడ దొరుకుతాదిరా?" అన్నాడు.
ఎవురికి అని నేను అడగలేదు.

కుర్చీలోంచి లేయడం పదకొండుకొచ్చింది.
నాలుగో సూది పడినాక మళ్లా తొమ్మిది.
నగీనా రాసుకునింది. ఈసారి నేనూ ఏమీ అన్లేదు.

ఈ పొద్దు డబ్బా మూత నేనే తీసినా.
ఒక చెంచా కొలిచి, ఎండలో కూచోని తాగినా.
తాగినాక మళ్లా గట్టిగా బిగించినా,
పళ్లు కొరికి, పూర్తిగా.
రేపు కూడా నేనే తియ్యాల.